డ్రైవర్ ఒకటి

భోజనం మధ్యలో మామగారు గుండె పట్టుకుని ఒరిగిపోయారు.

"అంబులెన్సు బయల్దేరింది," అంది ఇల్లు. మనుషుల బాగోగులన్నీ ఇళ్లే చూసుకునే రోజులవి.

వకుళ ఊపిరి పీల్చుకుంది. "డ్రైవరు పేరేంటి?"

"డ్రైవర్ ఒకటి."

ఇళ్ల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడమే ఆమె ఉద్యోగం. అది పరీక్షల కోసం తను పెట్టిన ఉత్తుత్తి పేరు! పొద్దున ఈ ఇంటి మీదే పరీక్షలు చేసి, 'ఇది పరీక్ష మాత్రమే' అన్న సెట్టింగు తీసేయడం మరిచిపోయింది. ఇల్లు ఎవరినీ పిలవలేదు.

"పరీక్ష సెట్టింగు తీసెయ్! నిజంగా పిలువు! డ్రైవరుతో మాట్లాడించు!"

మామగారి పెదవులు నల్లబడుతున్నాయి.

"ఏ సందమ్మా మీది? వాటర్ ట్యాంకు దాటాలా, ముందేనా? సరిగ్గా చెప్పండమ్మా!" అని ఒక గొంతు విసుక్కుంది.

అలా విసుక్కునే డ్రైవర్ని వకుళ ఏ పరీక్షలోనూ రాయలేదు. "దాటాలన్నా!" అని అరుస్తూ గేటు తీయడానికి పరిగెత్తింది.