ఓటు బొట్టు

"ఈ ఇంటికాడ బొట్టు వద్దు, రాధక్కా. హక్కుల గురించి చెప్పి పోదాం," అన్నాడు గోపాలకృష్ణ గొంతు తగ్గించి.

పక్కింట్లో అత్తాకోడళ్లకు బొట్టు పెట్టి ఓటడిగి వచ్చిన రాధాకుమారి, కుంకుమ భరిణెను కొంగు చాటుకు తీసుకుంది.

సుహాసిని తలుపు తీసింది.

"అమ్మా, మా పార్టీ గెలిస్తే ట్రాన్స్‌జెండర్ల గౌరవం కోసం, హక్కుల కోసం..." పార్టీ ఆఫీసులో నేర్పిన మాటలన్నీ అప్పజెప్పాడు గోపాలకృష్ణ.

సుహాసిని చివరిదాకా వినింది. "పక్కింటోళ్లకు ఏం చెప్పినావన్నా?"

"నీళ్ల ట్యాంకర్ రోజూ వచ్చేట్టు చూస్తామని."

"నేనూ ఆ ట్యాంకర్ నీళ్లే తాగేది. నాకూ అదే చెప్పొచ్చు గదా?"

అతను ఇబ్బందిగా నవ్వి, దండం పెట్టి, తర్వాతి ఇంటికి పోయాడు.

రాధాకుమారి మాత్రం కదల్లేదు. సుహాసిని తలలో పూలున్నాయి. కళ్లకు కాటుక ఉంది. నుదురు మాత్రం బోసిగా ఉంది.

"బొట్టు పెట్టుకోలేదేందమ్మా?"

"వీధి మొదట్లో మీరు అందరికీ పెడతా వస్తుంటే చూసినా అక్కా. నాకూ పెడతారు గదా అని తీసేసినా."

రాధాకుమారి కొంగు కింద భరిణె మూత తీసేలోగా, సుహాసిని తలుపు చెక్కకు అంటించిన బొట్టు స్టిక్కర్‌ను ఊడదీసి, తనే నుదుట పెట్టుకుని తలుపేసుకుంది.