సగం రైలు

"టికెట్ మా ఆయన దగ్గరుంది బాబూ. ముందు పెట్టెల్లో కూర్చున్నారు," అంది వాల్‌బుర్గా.

టీసీ నవ్వలేదు. "ముందు పెట్టెలు ఇప్పుడు లేవమ్మా. షాఫ్ట్‌లాఖ్ స్టేషన్‌లో రైలును రెండుగా విడదీశాం. ఆ సగం లెంగ్రీస్ పోతోంది. ఈ సగం టేగెర్న్‌జే పోతోంది. మైకులో మూడుసార్లు చెప్పాం."

చెప్పే ఉంటారు. ఆ సమయంలో వాల్‌బుర్గా జపమాల తిప్పుతోంది. పెదవులు ప్రార్థన చెబుతున్నాయి, మనసు మొగుణ్ణి తిడుతోంది. పొద్దున మ్యూనిక్ స్టేషన్‌లో బోర్డు చూసుకుని ఎక్కుదామంటే, "ఈ దారి నాకు కొత్తా?" అని కోర్బినియాన్ విసురుగా వెళ్లి ముందు పెట్టె ఎక్కాడు. ఉడుకుమోత్తనంతో ఆమె వెనక పెట్టె ఎక్కింది.

"మేం పోవలసింది టేగెర్న్‌జేకే. తప్పుగా ఎక్కింది ఆయన."

"తప్పుగా ఎక్కినాయన దగ్గర టికెట్ ఉంది. సరిగ్గా ఎక్కిన మీ దగ్గర లేదు. గుర్తింపు కార్డు చూపించండి."

"ఆయన సంచిలో ఉంది."

"ఫోను?"

"అదీ ఆ సంచిలోనే."

"మీరొక్కరే విడిగా వచ్చినట్టున్నారు," అన్నాడు టీసీ. కిటికీ పక్కనున్న ఇద్దరు నవ్వారు.

వాల్‌బుర్గా పునీత అంతోనివారికి మనసులోనే ఒక కొవ్వొత్తి మొక్కుకుంది. పోయిన కళ్లజోళ్లూ తాళం చెవులూ ఎన్నో దొరికించిన పునీతుడు. ఈసారి ఏమని అడగాలో ఆమెకు తెలియలేదు. పోయింది ఆయనా, తనా?

"టికెట్ మీద మా ఇద్దరి పేర్లూ రాశాం. కోర్బినియాన్ ఐగ్నర్, వాల్‌బుర్గా ఐగ్నర్. ఆ సగంలో మీవాళ్లెవరైనా ఉంటే అడిగి చూడు బాబూ."

అది సబబే అనిపించి టీసీ ఆ సగంలోని టీసీకి ఫోను చేశాడు. రైలు చప్పుడులో వినబడదని స్పీకరు పెట్టాడు.

"గుందులా, నీ వైపు ఐగ్నర్ అనే పెద్దాయన ఉన్నాడా?"

"ఉన్నాడు. ఇప్పుడే టికెట్ చూసి వస్తున్నా. ఇద్దరూ ఉన్నారు."

"ఇద్దరంటే?"

"ఆయనా, ఆయన భార్యా. పక్కపక్కన కూర్చుని బ్రెట్జెల్ రొట్టె తుంచుకు తింటున్నారు."

వెన్న రాసి ఆ బ్రెట్జెల్ పొట్లం కట్టింది వాల్‌బుర్గా.

"భార్యేనని నీకెవరు చెప్పారు?"

"ఆయనే. 'ఈవిడే నా వాల్‌బుర్గా' అని భుజం మీద చెయ్యి కూడా వేశాడు."

పెట్టెలో నవ్వులు ఆగిపోయాయి. టీసీ ఆమె వంక చూసే చూపు మారింది. ఆమెకు ఆ చూపు కన్నా ఆ చెయ్యి బాధ పెట్టింది. పెళ్లినాడు ఫోటో కోసం తప్ప నలుగురిలో తన భుజం మీద చెయ్యి వేసిన మనిషి కాదు. నలభై ఒక్క ఏళ్లు ఆదివారం తప్పకుండా పక్కన మోకరించిన మనిషిని ఒక పూట మాటల్లేకపోతే ఇలా మరిచిపోవచ్చా? లేక తనకే ఇన్నాళ్లూ తెలియలేదా?

"ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు బాబూ," అంది.

"అయితే అక్కడున్నావిడే వాల్‌బుర్గా అవ్వాలి. మరి మీరెవరు?"

ఆమె చేతిలోని జపమాల వంక చూసుకుంది.

"వచ్చే స్టేషన్ గ్ముండ్. దిగి అక్కడ తేల్చుకుందాం. పదండి," అన్నాడు టీసీ.

వాల్‌బుర్గా లేచింది. మళ్లీ కూర్చుంది. "ఒక్కటి అడుగు. ఆవిడ ఎలా ఉంది?"

టీసీ ఫోను ఆమె వైపు జరిపాడు. గుందులాయే చెప్పింది. "అరవై దాటి ఉంటాయి. ఆకుపచ్చ టోపీ. ఇందాకటిదాకా ఏడ్చినట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒళ్లో కుక్క. దానికి మూతి చిక్కం లేదు, అదొకటి రాసుకోవాలి నేను. పెద్దాయన దాన్ని ముద్దు చేస్తున్నాడు."

"కుక్కనా? కుక్క ఇంట్లోకొస్తే నేను వీధిలోకి పోతాననే మనిషి," అంది వాల్‌బుర్గా. ఇక కన్నీళ్లు ఆగలేదు.

రైలు మందగించింది. పెట్టె చివర నుంచి ఒక బొద్దుపాటి పెద్దాయన సీట్లు పట్టుకుంటూ తూలుతూ వచ్చాడు. ఒగరుస్తూ టీసీకి తన టికెట్ అందించాడు.

టీసీ చూసి నిట్టూర్చాడు. "దీని మీదా రెండు పేర్లా? రెండో ఆవిడ ఏరి?"

పెద్దాయన టోపీ తీసి వాల్‌బుర్గా ముందు తల వంచాడు.

"మీ ఆయన చల్లగా ఉండాలమ్మా. టికెట్ లేక ఏడుస్తున్న మనిషిని దింపెయ్యకుండా కాపాడడానికి అంతటి మాట అన్నారు. ఆయన మీద కోపం పెట్టుకోకండి."

"మీకెలా తెలుసు?" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

ఆయన కోటు జేబులో చెయ్యి పెట్టి చిన్న తోలు చిక్కం బయటికి తీశాడు. "ఫోనులో అంతా విన్నాను. ఆ భార్యా నాదే, ఆ కుక్కా నాదే. ఇదొక్కటే నా దగ్గర మిగిలింది."