పేరు పెట్టి పిలిచిన గొంతు

ఇస్త్రీపెట్టె వేడెక్కకముందే ఫోను మోగింది. పోయి మూడేళ్లయిన మా ఆయన గొంతు.

"నాంచారమ్మా, నేనే. అప్పొకటి చేశాను, నీకు చెప్పలేదు. సాయంత్రంలోగా ఇరవై వేలు కట్టకపోతే మన ఇస్త్రీ బండి పట్టుకుపోతారట."

వసూళ్ల పేరుతో వచ్చే దొంగ ఫోన్లన్నీ ఈమధ్య చచ్చిపోయినవాళ్ల గొంతులతోనే వస్తున్నాయి. మొన్న ఎదురింటి జరీనాకి వాళ్ల నాన్న గొంతుతో వచ్చింది. పాలప్యాకెట్టు వచ్చినంత మామూలైపోయింది మా వీధిలో.

"ఎవరికి బాకీ? అప్పు కాగితం పోస్టులో పంపించండి, చూస్తాను," అన్నాను.

"కాగితాలకి టైము లేదు నాంచారమ్మా, నా మాట విను."

నాకు ఒళ్లు మండింది. "ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నన్ను ఒక్కసారన్నా పేరు పెట్టి పిలిచాడట్రా? 'ఏమేవ్' తప్ప ఇంకో పిలుపు ఎరగడు. పెట్టెయ్ ఫోను!"

చొక్కా మీద నీళ్లు చిలకరిస్తుంటే అప్పుడు తెలిసొచ్చింది. వాళ్లకి తెలియని ఆ ఒక్క ముక్కా నేనే చెప్పేశాను.

మధ్యాహ్నం మళ్లీ మోగింది.

"ఏమేవ్."

అచ్చం ఆయనే. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. చొక్కా మాడిన వాసన వచ్చాకగానీ ఇస్త్రీపెట్టె ఎత్తలేదు.

"ఏమేవ్, వింటున్నావా?"

"కాగితం పంపించు," అన్నాను. కట్ చేశాను.

మాడు వాసనకి జరీనా పరుగెత్తుకొచ్చింది. సంగతి విని, "ఆ నంబరు బ్లాక్ చేశావా అక్కా?" అని అడిగింది.

చేశానని అబద్ధం చెప్పాను.