ఆయన గొంతే అంత

వంటగదిలో గాజుగ్లాసు భళ్ళున పగిలింది. భర్త అరవబోయాడు. నిన్ననే తెచ్చిన అరుదైన జాతి కుక్కపిల్ల, బొమ్మంతది, అతని అరచేతిలో గజగజ వణికింది.

అతను చప్పున గొంతు దించాడు. "మెల్లగా ఏరు, చెయ్యి కోసుకుంటావు. అరుపులు వింటే ఈ జాతి తిండి మానేస్తుందని అమ్మినావిడ చెప్పింది."

గాజుముక్కలు ఏరబోయిన ఆమె చెయ్యి ఆగిపోయింది. పన్నెండేళ్లుగా పుట్టింట్లో, ఇరుగుపొరుగుతో, చివరికి కూతురితోనూ ఒకటే మాట చెప్పుకొచ్చింది: "ఆయన గొంతే అంత."

మార్కుల కార్డుతో కూతురు తలుపు చాటు నుంచి వచ్చి తల్లి పక్కన నిలబడింది. "లెక్కల్లో తప్పాను. నాన్న సంతకం కావాలి."

"రేపు చూద్దాంలే," అంది తల్లి, అలవాటు కొద్దీ గుసగుసగా.

"వద్దమ్మా, ఇప్పుడే. కుక్కపిల్ల నాన్న చేతిలో ఉండగానే."