ముందుగదికి సీలు

సీలు వేసినవాళ్ళు లక్క ఆరేదాకా కూడా ఆగలేదు.

మోటారక్క ముందుగది తలుపుకి తాళం వేసి, దానికి గుడ్డ చుట్టి, లక్క కరిగించి ముద్ర గుద్ది, ఓ నోటీసు అంటించి జీపెక్కారు. సగం చుట్టిన మోటారు లోపల బల్ల మీదే ఉండిపోయింది.

వీధిలో ఎవరింట్లో ఫ్యాను తిరగకపోయినా, నీళ్ళ మోటారు మొరాయించినా ఆవిడ దగ్గరికే తెస్తారు. కాలిపోయిన తీగ ఊడబెరికి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పూసి ఇస్తుంది. భర్త నేర్పిన పని. ఆయన పోయాక ఆవిడనీ, అత్తగారినీ నిలబెట్టింది ఆ ముందుగదే.

ఇది నివాస ప్రాంతమనీ, ఇళ్ళల్లో వ్యాపారం చెయ్యకూడదని రూలు ఉందనీ చెప్పాడు సీలు వేసిన మున్సిపాలిటీ ఉద్యోగి.

"మరి నేను నివాసం ఉంటున్నది ఎక్కడ, చెట్టు మీదా?" అంది మోటారక్క.

అతను వినిపించుకోలేదు. పక్కింటి బేకరీకీ, ఎదురింటి టైలరు గదికీ అదే గతి పట్టింది.

మోటారక్క పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చి కూలబడింది.

"ఇదంతా ఆ గొడుగాయన నిర్వాకమే," అంది అత్తగారు.

వానైనా ఎండైనా చంకలో గొడుగు వదలని ఓ ముసలాయన కొన్నాళ్ళుగా వీధిలో తిరుగుతున్నాడు. ఎవరో, ఎక్కడివాడో ఎవరికీ తెలీదు. చప్పుడు ఎంతదూరం వినపడుతుంది, వచ్చినవాళ్ళు బళ్ళెక్కడ పెడతారు, పక్కవాళ్ళకి ఇబ్బందేమైనా ఉందా అని ఇంటింటా ఆరా తీసేవాడు. మోటారక్క ఆయనకి స్టూలు వేసి, మంచినీళ్ళిచ్చి, అడిగినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది.

ఇప్పుడు అలా చెప్పినందుకు తన నోరు తనే నొక్కేసుకోవాలనిపించింది.

మర్నాడు ఆయన మళ్ళీ వచ్చాడు. సీలు పడిన తలుపు ముందు నిలబడి నోటీసు చదువుతున్నాడు.

మోటారక్క సందులోంచి విసురుగా బయటికొచ్చింది. మా నీళ్ళు తాగి మా కొంపకే ఎసరు పెట్టావంది. కాటికి కాళ్ళు చాపుకున్న వయసులో ఇదేం పాడుబుద్ధంది. జనం పోగయ్యారు. బేకరీ ఆయన ఇంకో నాలుగు మాటలు తగిలించాడు. టైలరు ఆ గొడుగు లాక్కుని మురిక్కాలవలోకి విసిరేశాడు.

ముసలాయన నోటీసు వైపే చూస్తూ నిలబడ్డాడు. అది చూసి మోటారక్కకి ఇంకా ఒళ్ళు మండింది.

"నిజం చెప్పు. మా తలుపులు మూయించింది నువ్వు కాదూ?"

ఆయన ఆవిడ మొహంలోకి సూటిగా చూశాడు.

"నేనేనమ్మా," అన్నాడు.

వీధంతా భగ్గుమంది. ఆ గోలలోనే ఆయన ఏదో చెప్పబోయాడు. గురువారం మున్సిపాలిటీ ఆఫీసులో ఈ రూలు గురించి జనం మాట వింటారట, అందరూ వచ్చి చెప్పుకోండన్నాడు. ఈసారి ఏ గోతిలోకి దింపుతావని అడిగింది మోటారక్క. మళ్ళీ ఈ వీధిలో కనపడితే కాళ్ళు విరగ్గొడతానంది.

ఆయన కష్టం మీద వంగి, గొడుగు తీసుకుని, బురద కారుతుండగానే చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

గురువారం ఆ వీధినుంచి ఒక్కరూ ఆఫీసుకి వెళ్ళలేదు.

మోటారక్క వంటింట్లో మూలన కూర్చుని చాటుగా మోటార్లు చుట్టడం మొదలెట్టింది. తినే తిండికంతా వార్నిష్ వాసనే. ఇంకొన్నాళ్ళు ఇలాగే తింటే నన్ను ప్లగ్గులో పెట్టినా గిర్రున తిరుగుతానని సణిగేది అత్తగారు. పెరటి గుమ్మం దాటిన ప్రతిసారీ మోటారక్క ఆ ముసలాయన్ని తిట్టుకునేది.

వానలు తగ్గుముఖం పట్టాక ఆఫీసునుంచి ఓ అధికారిణి వచ్చింది. తనే దగ్గరుండి సీలు తీయించింది. రూలు మారిందట. ఇరుగుపొరుగుకి ఇబ్బంది లేని చిన్న పనులు ఇక ఇళ్ళల్లో చేసుకోవచ్చట.

సంతోషం కన్నా ముందు మోటారక్కకి కోపమే వచ్చింది.

"అంటే, ఎవడో ముసలాడు చాడీలు చెబితే వచ్చి మా పొట్ట కొట్టేస్తారా?"

"చాడీలు చెప్పింది పెద్దరోడ్డు మీది కొట్లవాళ్ళండీ. ఆ పెద్దాయన మా ఆఫీసుకి వచ్చింది మీ తరఫున."



ఈ వీధిలో ఒక్కొక్క ఇంటి సంగతీ చెప్పి, గురువారం కమిటీ వాళ్ళు వెటకారం చేసినా కూర్చోకుండా, ఆయన ఒక్కడే వాదించాడని చెప్పింది అధికారిణి. ఆ వీధివాళ్ళు ఒక్కరూ రాలేదేమని అడిగితే, వాళ్ళ కోపంలో న్యాయముంది, వదిలెయ్యండన్నాడట.

టైలరు తల దించుకున్నాడు. బేకరీ ఆయన మెల్లగా తన ఇంట్లోకి జారుకున్నాడు.

ఆయన ఇల్లెక్కడో చెప్పమంది మోటారక్క. ఇప్పుడే వెళ్ళి చేతులు పట్టుకుంటానంది.

"రూలు మారిన వారానికే పోయారండీ."

మోటారక్కకి దుఃఖం రాలేదు. మళ్ళీ కోపమే వచ్చింది. అది ఎవరి మీదో తెలీలేదు.

"మేమాయనకి ఏమవుతామని? మాకోసం అన్ని మాటలెందుకు పడాలి?"

అధికారిణి తలుపు మీంచి ఊడదీసిన నోటీసు మడిచింది.

"మీ గదికి సీలు వేయించిన ఆ పాత రూలు, ఆఫీసరుగా ఉన్న రోజుల్లో ఆయన రాసిందేనండీ."