జర్మనీ పెట్టె

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఎక్కడైనా ఒత్తు తప్పితే సర్దుకుని చదవండి. రాయడమూ నెమ్మదే. ఈ కాస్త రాయడానికే చలికాలమంతా పట్టింది.

*

పెట్టె మూత తీస్తుంటే సాత్విక గోడవైపు తిరిగి నిలబడింది.

ఢిల్లీ విమానాశ్రయంలో సరుకు దిగే చోట కస్టమ్స్ వాళ్ళ గది అది. ఆఫీసరు పేరు లక్ష్మీపతి. కాగితాల మీద ఇంటిపేరు చూడగానే, "మనవాళ్ళేనా అమ్మగారూ! మాది తెనాలి," అంటూ కుర్చీ వేయించాడు. మాణిక్యాంబ కూర్చోలేదు.

పెట్టెలో రైఫిల్ ఉంది. పోటీల్లో గురి చూసి కాల్చేది. కూతుర్ని జర్మనీలో పోటీకి తీసుకెళ్ళినప్పుడు మాణిక్యాంబ భర్త అనంతరామయ్య గారు అక్కడి ఫ్యాక్టరీకే వెళ్ళి, సాత్విక భుజానికీ చెంపకీ కొలతలిప్పించి, డబ్బు కట్టి వచ్చారు. ఇక్కడికి తెప్పించుకోవడానికి అనుమతులు ఆగి ఆగి కదిలాయి. చివరికి ఆ కాగితాల వెంట మాణిక్యాంబే తిరిగింది. వాటి కోసమే పక్కింటి ఇంద్రజ టీచరు దగ్గర ముందు ఇంగ్లీషు అక్షరాలు, ఆ తర్వాత తెలుగూ దిద్దుకుంది.

వచ్చే నెలలో సెలక్షన్ పోటీలు. ఏడాదిగా సాత్విక తుపాకీ ముట్టలేదు. ఈసారి కూడా రాకపోతే పేరు తీసేస్తానని కోచ్ చెప్పేశాడు. అందుకే మాణిక్యాంబ కూతుర్ని చెయ్యి పట్టుకుని మరీ తీసుకొచ్చింది.

"అమ్మాయ్, నంబరు సరిపోయిందో లేదో నువ్వూ చూసుకోవాలి," అన్నాడు లక్ష్మీపతి.

సాత్విక కదల్లేదు. మాణిక్యాంబే వంగి, గొట్టం మీది అంకెలు ఒక్కొక్కటే పైకి చదివింది. ఆ తర్వాత అడిగింది.

"ఖాళీగానే ఉందా బాబూ?"

"ఫ్యాక్టరీ నుంచి వచ్చిందమ్మా. ఖాళీగా కాక?"

"తెరిచి చూపించండి."

తెరిచాడు. తూటా పెట్టే చోట ఆమె వేలు పెట్టి చూసింది.

"ఇంకోసారి."

లక్ష్మీపతి నవ్వాడు. "కుండ కొన్నట్టు కొట్టి కొట్టి చూస్తున్నారే! తూటాలు దీంతో రావమ్మా, అవి వేరే కొనుక్కోవాలి." కాగితం తిప్పాడు. "ఆర్డరు మీద అమ్మాయి నాన్నగారి సంతకం ఉంది. ఆయన రాలేదా?"

"పోయారు. పోయిన మాఘంలో."

"అయ్యయ్యో." కాగితం కింద పెట్టాడు. "ఆ నెలల్లో ఢిల్లీ గాలి అంతేనమ్మా. గుండె, ఊపిరితిత్తులు, దేన్నీ వదలదు. మా పై ఆఫీసరూ అలాగే వెళ్ళిపోయాడు."

మాణిక్యాంబ అవుననలేదు. కాదనలేదు.

"లైసెన్సులో ఇంకో రైఫిల్ రాసుంది. అదెక్కడ?"

గోడ దగ్గర సాత్విక మెడ బిగుసుకుంది.

"ఠాణాలో ఉంది," అంది మాణిక్యాంబ.

"ఓహో, ఎలక్షన్లప్పుడు అప్పజెప్పారా! మా బావమరిదీ అంతే. ఓట్లేశారు, లెక్కపెట్టారు, గెలిచినవాళ్ళు కుర్చీలెక్కారు. ఈయనగారి తుపాకీ మాత్రం ఇంకా ఠాణాలోనే. తుప్పు పడుతుందమ్మా, వెళ్ళి తెచ్చుకోండి."

"వద్దు బాబూ. అది అక్కడే ఉండనీ."

సాత్విక చేతికి పెన్ను ఇచ్చారు. ఆమె దాన్ని చూస్తూ నిలబడింది.

"మమ్మీ, ఘర్ చలో. ముఝ్‌సే నహీఁ హోగా." ఇంటికి పోదాం, నావల్ల కాదని హిందీలోనే అంది.

"పెట్టు. మీ నాన్న కొలతలిప్పించింది నీ భుజానికి. నా భుజానికి కాదు."

సాత్విక సంతకం పెట్టింది. అది వంకరగా వచ్చింది.

టాక్సీలో పెట్టె ఇద్దరి ఒళ్ళోనూ అడ్డంగా పడుకుంది. డ్రైవరు అద్దంలోంచి చూసి, "క్యా హై ఆంటీ, సితార్?" అన్నాడు.

"హాఁ," అంది మాణిక్యాంబ.

జనక్‌పురిలో వాళ్ళ ఇంట్లో కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. ఆదివారం పొద్దున్నే అనంతరామయ్య గారు అందులో కూర్చుని, పాత బనియన్ గుడ్డతో కూతురి రైఫిల్ తుడిచేవారు. "నువ్వు కాల్చు, నేను తుడుస్తా. నాకొచ్చిన ఆట ఇదొక్కటే," అనేవారు. ఇప్పుడా కుర్చీలో ఎవరూ కూర్చోరు. దాని కింది తివాచీ కూడా తీసేశారు.

మాణిక్యాంబ వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చుంది. నూనె సీసా పక్కన పెట్టుకుంది. గుడ్డ చేతిలోకి తీసుకుంది.

"సాతూ, పెట్టె తెరిచి అదిలా ఇవ్వు."

"మమ్మీ, ప్లీజ్."

"ఇవ్వమన్నానా."

సాత్విక నేలమీద కూర్చుని పెట్టె తెరిచింది. రైఫిల్ పైకి తీసింది. బోల్టు వెనక్కి లాగి చూసింది. వేలు పెట్టి చూసింది. కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది. మళ్ళీ మొదటినుంచీ అన్నీ చేసింది. ముఖంలో ఏ మార్పూ లేదు.

చాలా రోజుల తర్వాత తెలుగులో మాట్లాడింది.

"ఖాళీయే అమ్మా."

కస్టమ్స్ ఆఫీసరు మాట నమ్మని మాణిక్యాంబ, ఇప్పుడు తెరిచి చూడలేదు. వేలు పెట్టలేదు. రైఫిల్ అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. తుడవడం మొదలుపెట్టింది.

పోయిన మాఘంలో ఒక ఆదివారం, ఇదే కుర్చీలో, ఇప్పుడు ఠాణాలో ఉన్న ఆ పాత రైఫిల్‌ని ఒళ్ళోకి తీసుకుంటూ అనంతరామయ్య గారు నమ్మింది కూడా సాత్విక చెప్పిన ఈ మాటనే.

— మాణిక్యాంబ, యాభై ఎనిమిదేళ్ళు. జనక్‌పురి ఇల్లు వదిలాక ఇప్పుడు ఉంటున్నది వైశాలిలో.