మెష్ కింద సందు

"ఏవండీ, ఇదీ వంకరగా ఉందా?" ఇనుప మెష్ బిగిస్తూ అడిగింది శాంతకుమారి.

గన్నవరం ఇంటి పెరట్లో ఆమె సొంతంగా కడుతున్న కోళ్ళ దొడ్డిని చక్రాల కుర్చీలోంచి చూస్తున్నాడు భర్త పూర్ణచంద్రరావు. పక్షవాతంతో మాట పడిపోయి ఆర్నెల్లయింది. కాస్త కదిలే ఎడమచేత్తో మెష్ అడుగు వైపు చూపిస్తూ "ఊ... ఊ..." అన్నాడు.

"ముప్ఫయ్యేళ్ళూ నా ముగ్గుకీ, నా వంటకీ వంకలు పెట్టారు. ఇంకా తనివి తీరలేదా?"

అతను మూలుగుతూనే ఉన్నాడు. ఆమె విసురుగా లేచి కుర్చీని గోడవైపు తిప్పేసింది.

మేకుల కోసం ఇంట్లోకి వెళ్ళిందో లేదో, దొడ్డిలో వదిలిన కోళ్ళు గోలెత్తాయి. పరుగెత్తుకొచ్చేసరికి ముంగిస ఎర్రపెట్టను నోట కరుచుకుని మెష్ కిందనుంచి ఈడ్చుకుపోతోంది. అక్కడ బెత్తెడు సందుంది.

ఇందాక అతను పెట్టింది వంక కాదు. ఆ సందునే చూపించాడు.

శాంతకుమారి ఇటుకలు తెచ్చి సందు మూసింది. చేతులు కడుక్కుని కుర్చీ దగ్గరికొచ్చింది. వెనక్కి తిరిగి చూడాలని అతని మెడ పెనుగులాడుతోంది.

"మీరు చెప్పింది నిజమేనండీ," అంది, అతని చెవి దగ్గరికి వంగి.

కుర్చీని మాత్రం గోడవైపే ఉంచి, అన్నం వండటానికి లోపలికి వెళ్ళింది.